ఎనిమిది డిగ్రీల తేడా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా యాత్రానుభవాలు చెప్పమన్నారు. నయాగరా జలపాతం గురించి ఇదే వేదిక మీద ఇప్పటికి ముగ్గురు మాట్లాడారు. నాకన్నా బాగా మాట్లాడారు. కనుక నేను దాని జోలికి పోను. మా అల్లుడి కారు షెడ్డులో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అది మూడెనిమిదుల పైపు చివర బిగించే ఒక చిన్న నట్టుకు సంబంధించిన తప్పు. వినడానికి చిన్న విషయమే. కాని అది సరిదిద్దకుండా ఉండి ఉంటే ఈరోజు నేను మీ ముందు ఇలా నవ్వుతూ నిలబడేవాడిని కాను.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. శ్రామిక్‌గా చేరాను, మెకానిక్‌నయ్యాను, లీడింగ్ హ్యాండ్‌గా రిటైరయ్యాను. మొత్తం 34 సంవత్సరాలు. అందులో ఎక్కువ కాలం ఫ్యూయల్ సెక్షనులోనే గడిచింది. టాంకు నుంచి ఫీడ్ పంపు, ఫిల్టరు, ఫ్యూయల్ పంపు, నాజిళ్లు, ఆ దారి అంతా కళ్లు మూసుకుని తడిమి చెప్పగలను. ఎక్కడో ఒక వాషరు అరిగి లైనులోకి గాలి పోయి బండి ఆగిపోతే, రాత్రిపూట టార్చిలైటు నోట కరుచుకుని బ్లీడింగ్ స్క్రూ విప్పి గాలి తీసిన రోజులు మీకూ గుర్తుంటాయి. ప్రయాణికులు దిగి రోడ్డు పక్కన తిట్టుకుంటూ నిలబడేవారు. మనం గాలి తీసి బండి స్టార్టు చేయగానే వాళ్లే ఎక్కి కూర్చునేవారు. అంతటితో ఆ కథ ముగిసేది.

మా అల్లుడిది కంప్యూటరు ఉద్యోగం. ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరికి దగ్గర్లో ఉంటారు. ఆయనకు విమానం నడిపే లైసెన్సు ఉంది. 2017 నుంచి ఇంటి షెడ్డులో రెండు సీట్ల విమానాన్ని సొంతంగా తయారు చేసుకుంటున్నారు. మా అమ్మాయి ఫోనులో చెప్పినప్పుడు నేను బొమ్మ విమానం అనుకున్నాను. 2022 మే నెలలో వెళ్లి చూద్దును కదా, షెడ్డు నిండా అల్యూమినియం రెక్కలు, తోక, మధ్యలో 160 అశ్వశక్తి గల నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజను!

ఇలా ఇంట్లో విమానం కట్టుకోవడం ఆ దేశంలో చట్టప్రకారం చెల్లుతుంది. విమానంలో సగానికి పైగా పనిని సొంతదారులు చదువు కోసమో సరదా కోసమో తామే చేసి ఉండాలన్నది నియమం. ఇటువంటి వాళ్లకు 1953లో పెట్టుకున్న ఒక సంఘం ఉంది. పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. ఏటా జూలైలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ అనే ఊళ్లో పెద్ద తిరునాళ్లు చేస్తారు. పూర్తయిన విమానాన్ని ప్రభుత్వం తరఫున తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తారు. ఆపైన మొదటి 25 గంటలో 40 గంటలో ప్రయాణికులు లేకుండా ఎగిరి చూసుకోవాలి. కాక్‌పిట్‌లో ప్రయాణికుడికి కనబడేట్టు ఒక పలక అతికించాలి. ఇది ఔత్సాహికుడు కట్టిన విమానం, మామూలు విమానాలకుండే ప్రభుత్వ భద్రతా నియమాలు దీనికి వర్తించవు, అని దాని సారాంశం.

ఆ పలక అప్పటికే చెక్కించి బల్ల మీద పెట్టారు. మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, “నాన్నా, ఇది చదివి కూడా నేను ఎక్కి కూర్చోవాలి” అంది. నవ్వుతూనే అంది. కాని ఆడపిల్ల తండ్రికి ఆ నవ్వు ఎలా వినబడుతుందో మీకు తెలుసు.

ఆ రాత్రే అల్లుడితో చెప్పాను. “బాబూ, రెక్కలూ తోకా మీరు చూసుకోండి. టాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు లైను నాకు వదిలేయండి. అది నా పని.” ఆయన సంతోషంగా, “మీకంటే ఎవరికి తెలుసు మామయ్యగారూ” అన్నారు. ఆ మాటే తరువాత మా ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది.

విమానంలో ఇంధనపు లైనుకు వాడే బిగింపులను ఏ.ఎన్. ఫిట్టింగులంటారు. ఆర్మీ, నేవీ అనే రెండు మాటల మొదటి అక్షరాలవి. అమెరికా సైన్యం, నౌకాదళం ఒకే కొలతల మీదికి వచ్చినప్పుడు పుట్టిన ప్రమాణం. కొలత చెప్పే పద్ధతి సులభం. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి పైపు బయటి వ్యాసం ఎన్ని భాగాలో ఆ అంకె చెబుతారు. ఆరో నంబరు అంటే ఆరు పదహార్లు, అంటే మూడెనిమిదులు. మా విమానానికి కావలసింది అదే. పైపు మెత్తటి అల్యూమినియం. దాని చివరను ఉమ్మెత్త పువ్వులా విచ్చదీస్తే, ఫిట్టింగు కొన మీద ఉన్న శంకువు దానిలో ఇమిడి కూర్చుంటుంది. వెనకనుంచి ఒక స్లీవు, దాని మీద నట్టు. మధ్యలో వాషరు లేదు, టేపు లేదు, పూత లేదు. లోహానికి లోహం ఆనుకోవడమే దాని బలం.

పువ్వు తీసే పనిముట్టు కోసం అల్లుడు ఆర్డరు పెట్టారు. రావడానికి వారం పడుతుందన్నారు. నాకు ఖాళీగా కూర్చునే అలవాటు లేదు. ఒకరోజు అమ్మాయితో కారు సామాన్ల దుకాణానికి వెళ్లి, బ్రేకు పైపులకు వాడే ఫ్లేరింగ్ పనిముట్టు తక్కువ ధరకు కొనుక్కొచ్చాను. మన గ్యారేజీలో ముప్పై ఏళ్లు వాడిన దాని తోబుట్టువులా ఉంది. రెండు రోజుల్లో ఆరు పైపులు వంచి, పువ్వులు తీసి, బిగించేశాను. ఒక పైపుకు రెండు చివర్లూ పువ్వు తీశాక చూస్తే నట్టు బల్ల మీదే ఉంది! ముందు నట్టు, స్లీవు ఎక్కించాకే పువ్వు తీయాలని కుర్రవాళ్లను ఎంతమందిని తిట్టి ఉంటానో! చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, ఆ పైపు చెత్తబుట్టలో వేసి ఇంకొకటి చేశాను.

సాయంత్రం అల్లుడు ఆఫీసునుంచి వచ్చి వేలితో తడిమి చూసి, “అద్దంలా ఉన్నాయి మామయ్యగారూ” అన్నారు. రెక్కలోని టాంకులో కొంచెం పెట్రోలు పోసి లైను నింపి, రాత్రంతా వదిలేశాము.

విమానపు పెట్రోలు నీలంగా ఉంటుంది. గుర్తు తెలియడానికి రంగు కలుపుతారు. ఎక్కడ చెమ్మ పట్టినా పెట్రోలు ఆరిపోతుంది కాని నీలం మరక మిగిలిపోతుంది. తెల్లవారి నేను కాఫీ గ్లాసుతో వెళ్లి చూశాను. మరక ఎక్కడా లేదు. గర్వంగా లోపలికి వచ్చాను. ఆ మరునాడు చూస్తే ఒక నట్టు కింద ఆవగింజంత నీలం ఉంది. మనకు తెలిసిన వైద్యం ఒకటే కదా, ఇంకో పట్టు పట్టాను. మూడోనాటికి ఆవగింజ శనగగింజయింది. మళ్లీ పట్టాను.

ఆ శనివారం అల్లుడు ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఆయనకు ఎనభైకి దగ్గర. విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. ఇందాక చెప్పిన సంఘం తరఫున ఇలా ఇళ్లకు వచ్చి పని చూసి సలహా చెబుతారు. డబ్బు తీసుకోరు. ఆయన వంగి నా పైపు చూశారు. జేబులోంచి చిన్న అద్దం తీసి వెనకవైపు చూశారు. నట్టు విప్పమన్నారు. పువ్వును వెలుతురుకు పట్టి, “ఇది కారు పనిముట్టుతో తీశారా?” అని మాత్రం అడిగారు.

కార్లకు వాడే పువ్వు వాలు 45 డిగ్రీలు. విమానాలకు 37. తేడా ఎనిమిది డిగ్రీలు. కంటికి ఆనదు. చేతికి అసలే తెలియదు. నట్టు ఎక్కుతుంది, బిగుస్తుంది. కాని శంకువు పువ్వు అంతటా ఆనుకోదు, ఒక సన్నని గీత వెంట మాత్రమే తగులుతుంది. ఆ గీత దగ్గర కారితే నాబోటివాడు ఇంకా బిగిస్తాడు. బిగించేకొద్దీ మెత్తటి అల్యూమినియం పలచబడుతుంది. పెద్దాయన భూతద్దం ఇచ్చి చూడమన్నారు. పువ్వు మెడ దగ్గర వెంట్రుకంత పగులు. నేల మీద అది ఒక చుక్క. ఇంజను అదురుడుకు ఎప్పుడో ఒకప్పుడు పైపు అక్కడ తెగుతుంది. అది తెగే చోటు రోడ్డు పక్కన కాదు. ఆకాశంలో బ్రేక్‌డౌన్ వ్యాను రాదు.

బిగింపుకు కూడా లెక్క ఉంది. ఈ మూడెనిమిదుల అల్యూమినియం పైపు నట్టుకు 75 నుంచి 125 అంగుళ పౌండ్లు. అంటే టార్కు రెంచికి ఇచ్చే సుతారమైన పట్టు. నేను పట్టింది మన బస్సు పట్టు.

నాకు ముఖం వాడిపోయింది. 34 ఏళ్ల సర్వీసు కదా! ఆయన అది గమనించినట్టున్నారు. తానూ మొదట్లో ఇదే తప్పు చేశానని, అందుకే ముందుగా పువ్వునే చూస్తానని చెప్పారు.

మిత్రులారా, అసలు సంగతి ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. మొదటి రోజు మరక లేదన్నాను కదా. ఉందట. నాకంటే ముందు లేచి అల్లుడు చూశారట, గుడ్డతో తుడిచేశారట. “మీరంత కష్టపడి చేశారు మామయ్యగారూ, ఎలా చెప్పను? అందుకే ఆయనను పిలిపించాను” అన్నారు తలవంచుకుని. నేను కాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాను. తప్పు ఆయనది కాదు. ఒకసారి పని ఒప్పుకున్నాక నన్ను అడిగేవాళ్లు ఉండకూడదన్నట్టు షెడ్డులో తిరిగింది నేను. “బాబూ, ఇకమీదట నా పని మీరు తనిఖీ చేయకుండా ఒక్క నట్టు కూడా వేయను” అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను.

ఆరు పైపులూ తీసేశాము. సరైన పనిముట్టు వచ్చాక మళ్లీ మొదలుపెట్టాము. ఈసారి నేను శిష్యుణ్ణి. ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

ఫిట్టింగులలో నీలం రంగువి అల్యూమినియం, నల్లవి ఉక్కు. ఇంజనుకూ మనుషులు కూర్చునే గదికీ మధ్య ఫైర్‌వాల్ అనే ఉక్కు రేకు అడ్డు ఉంటుంది. దానికి ఇవతల అల్యూమినియం చాలు, తేలిక. అవతల మాత్రం ఉక్కే వాడమన్నారు. అల్యూమినియం 660 డిగ్రీల సెంటిగ్రేడుకే కరుగుతుంది. ఇంజను గదిలో నిప్పు పుట్టితే వేడి అంతకు మించుతుంది. అక్కడి భాగాలకు పరీక్ష పెట్టే మంట సుమారు 1,100 డిగ్రీలు. కరిగిన ఫిట్టింగు ఆ మంటకే పెట్రోలు పోస్తుంది.

ఇంజను అదురుతుంది, రేకు అదరదు. కనుక ఆ రెంటి మధ్య గట్టి పైపు వేయరాదు. ఉక్కు అల్లిక ఉన్న మెత్తటి హోసు వేసి, దాని మీద మంటకు ఆగే తొడుగు వేయాలి. హోసు బిగుతుగా లాగినట్టు ఉండకూడదు, కొంచెం వదులు ఉండాలి. పొగగొట్టాలకు దూరంగా ఉండాలి. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరయిపోతే పంపు ఆవిరినే లాగుతుంది. మన లైనులో గాలి పట్టడానికి అది అన్నగారు.

కొన్నిచోట్ల సన్నబడుతూ పోయే మరలు ఉంటాయి. అక్కడ మరల మధ్య సందులో కారుతుంది కనుక ఏదో ఒకటి పూయక తప్పదు. మనమైతే షెల్లాక్ పూసేవాళ్లం, నీళ్ల పైపులవాళ్లు తెల్ల టేపు చుడతారు. ఇక్కడ టేపు నిషిద్ధం. దాని పోగు ఒక్కటి తెగి లోపలికి పోతే కార్బురేటరు దారి మూసుకుపోతుంది. పెట్రోలుకు కరగని పేస్టు మాత్రమే, అదీ మొదటి ఒకటి రెండు మరలు వదిలి పూయాలి. పువ్వు ఉన్నచోట ఏదీ పూయకూడదు.

ప్రెషరు మీటరుకు పోయే సన్న లైను మొదట్లో సూదిబెజ్జమంత రంధ్రం ఉన్న ఫిట్టింగు వేస్తారు. మీటరు ఒత్తిడి చూపడానికి ఆ బెజ్జం చాలు. ఎప్పుడైనా ఆ లైను తెగినా కారేది సన్నధారే, ఇంజనుకు పోయేది ఆగదు. దాన్ని ఆలోచించినవాడికి దండం పెట్టాను.

టాంకులు మార్చే కుళాయి ఎక్కడ పెట్టాలన్నది కూడా ఫిట్టింగుల ఎంపికలో భాగమే. జాన్ డెన్వర్ అనే పేరుపొందిన గాయకుడు 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో ఇటువంటి ఇంట్లో కట్టిన విమానంలోనే చనిపోయారు. విమానం ఆయన కట్టింది కాదు, కొనుక్కున్నది. కట్టినవారు నమూనాలో చూపిన చోట కాకుండా పైలటు ఎడమ భుజం వెనక ఆ కుళాయి పెట్టారు. దాని మీద గుర్తులు లేవు. దాన్ని తిప్పబోతూ వెనక్కి తిరిగినప్పుడు ఆయన కాలు చుక్కాని పెడలును తొక్కి ఉంటుందని, విమానం అదుపు తప్పిందని దర్యాప్తులో తేల్చారు. టాంకు నింపుకోకుండా బయలుదేరడం, ఆ విమానం మీద తగిన శిక్షణ లేకపోవడం కూడా కారణాలుగా రాశారు. కుళాయి కారలేదు, విరగలేదు. చేతికి అందని చోట ఉంది, అంతే. మేము మాది రెండు సీట్ల మధ్య, చూడకుండా చేయి వేస్తే తగిలేచోట పెట్టి, గుర్తులు చెక్కించాము.

అన్నీ బిగించాక ప్రవాహం పరీక్ష. పంపుతో నడిచే లైను, ఇంజను పూర్తి బలంతో తాగేదానికి నూటికి 125 వంతులు ఇవ్వగలగాలి. 160 అశ్వశక్తికి లెక్క వేస్తే గంటకు సుమారు 70 లీటర్లు, నిమిషానికి ఒక లీటరు 160 మిల్లీలీటర్లు. తోక కిందికి దించి, పైకెగిరేటప్పుడు ఉన్నట్టు ముక్కు పైకెత్తి, పంపు వేసి, డబ్బాలో పట్టాము. గడియారం నేను పట్టుకున్నాను. నిమిషానికి లీటరున్నర వచ్చింది. రెండో టాంకుతోనూ అంతే. ప్రతి నట్టు మీదా ఒక రంగు గీత గీశాము. నట్టు రవ్వంత కదిలినా గీత తప్పి కనబడుతుంది. గీత గీసేది నేను, రెంచి పెట్టి చూసేది ఆయన. మళ్లీ ఆయన బిగించినవి నేను చూసేవాడిని.

ఒక ఆదివారం డేటన్‌లో రైట్ సోదరుల జ్ఞాపకాలున్న చోట్లకు తీసుకెళ్లారు. వాళ్ల సైకిలు షాపులో పనిచేసిన మెకానిక్ చార్లీ టేలర్ 1903లో ఆ మొదటి విమానానికి ఆరు వారాల్లో ఇంజను చేసిచ్చారు. దానికి పంపు లేదు. రెక్క కర్రకు డబ్బా కట్టి, గొట్టం గుండా పెట్రోలు దానంతట అది దిగేట్టు చేశారు. కుళాయి ఏమిటనుకున్నారు? ఇళ్లలో గ్యాసు దీపానికి వాడే మామూలు కుళాయి! కారు దుకాణానికి పరుగెత్తిన మొదటివాణ్ణి నేను కానని కొంచెం ఊరట కలిగింది. అయితే ఆ విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు. మా అమ్మాయి ఎక్కేది గంటల తరబడి ఎగురుతుంది. ఈ రెంటి మధ్య నూరేళ్లకు పైగా ఎందరో పడి, చచ్చి, నేర్చుకున్నదే ఆ 37 డిగ్రీలు, ఆ నల్ల ఫిట్టింగు, ఆ సూదిబెజ్జం.

ఇదంతా మాకెందుకు అని కొందరు అనుకోవచ్చు. అమ్మా, మన ప్రతి ఇంట్లోనూ ఒక ఇంధనపు లైను ఉంది. వంటింట్లో స్టవ్వు వెనక. దాని గొట్టం మార్చి ఎన్నేళ్లయింది? అయిదేళ్లకు ఒకసారి మార్చమంటారు, తేదీ దాని మీదే ఉంటుంది. అనుమానం వస్తే సబ్బు నురుగు రాసి చూడండి, అగ్గిపుల్ల గీసి చూడకండి. మీ అబ్బాయో కోడలో, “మామయ్యగారూ, ఒకసారి నేను చూస్తాను” అంటే, “నాకు తెలియదా?” అనకండి. చూడనివ్వండి. మనం సర్వీసులో ఉండగా మన పని మీద ఇన్‌స్పెక్షను ఉండేది. రిటైరయ్యాక మన పని చూసేవాళ్లు లేకుండా పోయారు. అది గౌరవమనుకుంటాం. ఆ గౌరవం వల్లనే ఒక నీలం మరకను నాకు తెలియకుండా తుడవవలసి వచ్చింది.

నేను నవంబరులో తిరిగి వచ్చేశాను. 2023 ఏప్రిల్లో విమానం మొదటిసారి ఎగిరింది. అల్లుడు ఒక్కరే పరీక్ష గంటలన్నీ పూర్తిచేశారు. ఆగస్టులో ఒకరోజు తెల్లవారుజామున అమ్మాయి వీడియో ఫోను చేసింది. గాలికి జుట్టు చెదిరిపోయి ఉంది. వెనక విమానం, దాని ఇంజను మూత తీసి ఉంది. ఇద్దరూ గంటన్నర తిరిగి అప్పుడే దిగారట. ఎలా ఉందమ్మా అని నేను అడిగేలోపే ఫోను ఇంజనులోకి తిప్పి, టార్చి వేసి, ఒక్కొక్క నట్టే చూపించింది. రంగు గీతలన్నీ తిన్నగా ఉన్నాయి.

“నాన్నా, మీ అల్లుడు చూశాడు, నేనూ చూశాను. ఇక మీరు చూడండి. నీలం ఎక్కడా లేదు” అంది.